రెండు సుంకాల నడుమ నాందేడ్ గాజులు

బొహీమియా కొండల్లో చేసిన గాజుకీ, ఫిరోజాబాద్ కొలిమిలో చేసిన గాజుకీ నిజాం సరిహద్దులో ఒకే పన్ను. ఆ పన్ను ఎవరి కోసం పుట్టింది? ఎవరిని కాపాడింది? ఎవరిని గాలికి వదిలేసింది?

1930ల్లో నాందేడ్ బజారులో డజను గాజులు కొన్న ఇల్లాలు తనకు తెలియకుండానే రెండు ప్రభుత్వాలకు పన్ను కట్టేది. గాజులు విదేశీవైతే, బొంబాయి రేవులో బ్రిటిష్ సర్కారు వసూలు చేసిన సముద్ర సుంకం వాటి ధరలో ఉండేది. సరుకు రాజ్యంలోకి వచ్చేటప్పుడు నిజాం సర్కారు పట్టుకున్న కరోడ్‌గిరి అనే సరిహద్దు సుంకం దాని మీద కలిసేది. గాజులు ఫిరోజాబాద్‌వైతే సముద్ర సుంకం ఉండేది కాదు, కరోడ్‌గిరి మాత్రం తప్పేది కాదు. నిజాం లెక్కల్లో ఆగ్రా పక్కనున్న ఫిరోజాబాదూ పరాయి ఊరే, ఐరోపా నడిబొడ్డున బొహీమియాలోని గాబ్లోంజూ పరాయి ఊరే.

నాందేడ్ నేడు మహారాష్ట్రలో ఒక జిల్లా కేంద్రం. 1948 దాకా అది నిజాం రాజ్యంలో ఉంది. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. మన బాసర సరస్వతి కొలువున్న ముధోల్ తాలూకా కూడా అప్పట్లో నాందేడ్ జిల్లాలోదే. భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటులో ముధోల్ ఆదిలాబాద్‌కు వచ్చింది, ఆదిలాబాద్‌లో ఉన్న కిన్వట్ నాందేడ్‌కు పోయింది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కుండల్‌వాడి వైపు నేటికీ తెలుగు వినబడుతుంది. గీతలు మారినా గోదావరి ఇరువైపులా పెళ్లిళ్లు, జాతరలు, సంతలు కలిసే సాగాయి. ఆ సంతల్లో ఎప్పుడూ గిరాకీ తగ్గని సరుకు గాజులు.

జిల్లాకు ఉత్తరాన పెన్‌గంగ పారుతుంది. అవతలి గట్టు బేరార్. 1853లో నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీ చేతికి అప్పగించాడు. 1902లో అప్పటి నిజాం శాశ్వత కౌలు రాసిచ్చాడు. కాగితం మీద బేరార్ నిజాందే, పాలన బ్రిటిష్‌వాళ్లది. దాంతో నాందేడ్ ఒకేసారి రెండు రకాల ఊరైంది. హైదరాబాద్ నుంచి చూస్తే మారుమూల, బొంబాయి నుంచి చూస్తే నిజాం రాజ్యపు వాకిలి. సుంకాల చరిత్ర వాకిళ్ల దగ్గర తెలిసినంత బాగా రాజధానుల్లో తెలియదు.

5 శాతం ఎక్కడి నుంచి వచ్చింది?

కరోడ్‌గిరి లెక్కకు మూలం 1802 ఏప్రిల్ 12న నిజాంకూ కంపెనీకీ కుదిరిన వర్తక ఒప్పందం. కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాల నుంచి వచ్చే సరుకు మీద నిజాం సర్కారు 5 శాతం సుంకం వేసుకోవచ్చు, అంతకు మించి వేయకూడదు. బదులుగా మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు దక్కింది. ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల సొంతమైన రేవు అది. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాక నిజాం రాజ్యానికి సముద్రమే లేకుండా పోయింది. వాడుకునే హక్కు ఒప్పందం కాగితంలో మిగిలింది గానీ దాని మీద పెద్ద వర్తకం ఏదీ నిలబడలేదు.

సముద్రం లేని రాజ్యానికి సుంకం అంటే నేల సరిహద్దు దగ్గర పట్టుకునేదే. మొదట్లో ఆ వసూలు గుత్తేదార్ల చేతుల్లో ఉండేది. జాగీర్దార్లు తమ హద్దుల్లో రాహదారీ అనే వేరే దారి పన్ను రాబట్టుకునేవాళ్లు. ఒక మూట రాజ్యంలో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లేలోపు ఎన్ని చేతులు తడపాల్సి వచ్చేదో. 1853లో దివాన్‌గా వచ్చిన మొదటి సాలార్‌జంగ్ ఆ గుత్తలను, లోపలి రాహదారీలను క్రమంగా తగ్గిస్తూ వసూలును సర్కారీ శాఖ కిందికి తెచ్చాడు. ప్రజల నోట కరోడ్‌గిరి నాకా అన్న మాట అలా స్థిరపడింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఖజానా నిండడానికి వేసే సుంకం వేరు, ఇంటి పరిశ్రమను కాపాడడానికి వేసే సుంకం వేరు. మొదటిదానికి సరుకు ఎంత ఎక్కువగా వస్తే అంత లాభం. రెండోదానికి బయటి సరుకు ఆగిపోతేనే సాఫల్యం. కరోడ్‌గిరి పూర్తిగా మొదటి రకం. పైగా దాని పైకప్పును కంపెనీయే బిగించింది. నిజాం సర్కారు తలచుకున్నా తన రాజ్యంలోని చేతివృత్తి కోసం 25 శాతం గోడ కట్టలేదు.

ఫలక్‌నుమా, చౌమహల్లా దర్బారుల్లో వెలిగిన షాండ్లియర్లకూ, నాందేడ్ సంతలో గాజులామె మలారంలోని గాజులకూ సుంకం పుస్తకంలో తేడా కనబడదు. చౌమహల్లాలోని ఖిల్వత్ ముబారక్‌లో ఇప్పటికీ 19 బెల్జియం స్ఫటిక షాండ్లియర్లు వేలాడుతున్నాయి. 1851 లండన్ ప్రదర్శనలో 27 అడుగుల స్ఫటిక ఫౌంటెన్ నిలబెట్టి పేరు మోసిన బర్మింగ్‌హామ్ కంపెనీ ఎఫ్ అండ్ సి ఆస్లర్, భారతీయ రాజులూ నవాబుల కోసం 1840ల్లోనే కలకత్తాలో దుకాణం తెరిచింది. దర్బారు గాజుకు చరిత్ర పుస్తకాల్లో చోటు దొరికింది. అయితే గాజు వర్తకం బరువంతా మోసింది మాత్రం డజన్ల లెక్కన అమ్ముడైన చేతి గాజులే.

బొహీమియా కొండల నుంచి గోదావరి గట్టుకు

19వ శతాబ్దం చివరి నాటికి భారతదేశానికి గాజులు, పూసలు పంపడంలో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానిది పెద్ద వాటా. అందులో బొహీమియా ఉత్తర కొసన, యిజెరా కొండల ఒడిలో ఉన్న గాబ్లోంజ్ కీలకం. నేడు చెక్ దేశంలో యాబ్లోనెత్స్ అంటారు. ఆ కొండల గాజు రారాజుగా పేరొందిన జోసెఫ్ రీడెల్ కార్ఖానాల్లో రంగురంగుల గాజు కడ్డీలు తయారయ్యేవి. వాటిని పూసలుగా, గాజులుగా, బొత్తాలుగా మార్చే పని చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటా జరిగేది. చలికాలంలో ఇంట్లో దీపం ముందు కూర్చుని మొత్తం కుటుంబం గాజు వంచేది. నాందేడ్ మహిళ చేతికి ఎక్కిన 'విలాయతీ' గాజు కూడా పేదవాడి చేతిపనే. అది యంత్రం మీద గెలిచిందనో, చేయి మీద యంత్రం గెలిచిందనో అనుకోవడానికి వీల్లేదు.

గెలిచింది సంఘటితమైన వర్తకం. గాబ్లోంజ్ ఎగుమతిదారులు ఏ దేశపు ఆడవాళ్లు ఏ రంగు, ఏ కొలత, ఏ మెరుపు కోరుతారో నమూనాలు తెప్పించుకుని చూసి ఆ ప్రకారం చేయించేవాళ్లు. మరాఠీ పెళ్లికూతురికి హిరవా చుడా, అంటే పచ్చ గాజులు తప్పనిసరి. తెలుగింట సీమంతానికి, శ్రావణ శుక్రవారానికి మట్టిగాజులు తప్పనిసరి. మాహూర్ రేణుకామాతకు ఓటీ నింపినా, బాసరలో అమ్మవారికి ఒడిబియ్యం పోసినా పచ్చ గాజులు ఉండాల్సిందే. గాజు పగిలితే మళ్లీ కొనాలి. పగలకపోయినా పండక్కి కొనాలి. లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా జాతర జరిగితే పశువుల బేరాలు ఒకవైపు, గాజుల బేరాలు ఒకవైపు. ఇంత నిలకడైన గిరాకీ ఉన్న మార్కెట్టు ఏ ఎగుమతిదారుకైనా బంగారు గనే.

వంగదేశ విభజన తర్వాత స్వదేశీ ఉద్యమం విదేశీ బట్టతో పాటు విదేశీ గాజుల మీదా కత్తి ఎత్తింది. బెంగాల్‌లో ముకుంద దాస్ అనే చారణకవి రేష్మీ గాజులు తీసి పారేయమని వంగ వనితలకు పిలుపునిస్తూ పాట పాడాడు. పుణె దగ్గర తళేగావ్‌లో పైసా ఫండ్ డబ్బుతో 1908లో గాజు కార్ఖానా మొదలైంది. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో పైసా పోగుచేసి పరిశ్రమ పెట్టాలన్న అంతాజీ దామోదర్ కాళే ఆలోచన అది. లోకమాన్య తిలక్ అండ ఉంది. జపాన్‌లో, అమెరికాలో గాజు విద్య నేర్చుకొచ్చిన ఈశ్వర్‌దాస్ వార్ష్ణేయ దాని సాంకేతిక బాధ్యత తీసుకున్నాడు. అక్కడ పని నేర్చుకున్నవాళ్లు దేశంలో ఎన్నో గాజు కార్ఖానాలకు వెళ్లారు. తర్వాత 1916లో నేటి సతారా జిల్లాలో ఓగలే సోదరుల కార్ఖానా వచ్చింది. వాళ్ల ప్రభాకర్ లాంతర్లు నాందేడ్ ఉన్న మరాఠ్వాడా పల్లెల్లోనూ వెలిగాయి.

ఫిరోజాబాద్‌తో పోలిస్తే నాందేడ్‌కు పుణె, సతారా దగ్గరే. అయినా ఈ స్వదేశీ గాజు కూడా నిజాం హద్దు దాటగానే బయటి సరుకైపోయేది. తళేగావ్ చిమ్నీకి కరోడ్‌గిరిలో మినహాయింపు లేదు. ఉద్యమకారుల దృష్టిలో ఒకే దేశం. నాకా దగ్గర మాత్రం వేరే దేశం.

మన్మాడ్‌లో బండి మారిన సరుకు

1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా హైదరాబాద్-గోదావరి లోయ రైల్వే నడవసాగింది. నాందేడ్ పత్తికి బొంబాయి దారి తెరుచుకుంది. జిన్నింగ్ మిల్లులు లేచాయి. ఆ తర్వాత ఉస్మాన్‌షాహి మిల్లు కూడా వచ్చింది. పత్తి పోయిన దారినే బట్ట, కిరోసిన్, సబ్బు, గాజు సామాను రాసాగాయి. రైలు రాకముందు ఎద్దుబండి మీద వచ్చిన సరుకు ఏ నాకా తప్పించుకుని ఏ డొంకన దిగిందో చెప్పడం కష్టం. రైలు పార్శిల్‌కు రసీదు ఉంటుంది, రసీదు మీద విలువ ఉంటుంది, ఆ విలువ మీద సుంకం ఉంటుంది. రైలు వర్తకాన్ని పెంచినంతగా సుంకం రాబడినీ పెంచింది.

అయితే గాజుకు ఈ దారిలో ఇంకో గండం ఉంది. బొంబాయి నుంచి మన్మాడ్ వరకు బ్రాడ్‌గేజ్. మన్మాడ్ నుంచి నాందేడ్ వైపు మీటర్‌గేజ్. ఒక పట్టా మీద వచ్చిన పెట్టెలన్నీ దింపి మరో పట్టా మీది వ్యాగన్లకు ఎక్కించాలి. పత్తి బేలును విసిరేసినా నష్టం లేదు. గడ్డిలో చుట్టిన గాజుల పెట్టెను హమాలీ కాస్త గట్టిగా దింపితే లోపల సగం డజన్లు ముక్కలే. సుంకం మాత్రం పెట్టె మొత్తం విలువ మీద. పగులు ఖర్చు వర్తకుడు తన లాభంలోంచి తీసేయడు, మిగిలిన గాజుల మీద పంచుతాడు. పన్ను పుస్తకంలో కనబడని మూడో సుంకం ఇది.

దీనికి తోడు నాణేల తిరకాసు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియాలో కల్దార్. సుమారుగా 6 కల్దార్లకు 7 హాలీలు. బొంబాయి వర్తకుడికి కల్దార్ ఇవ్వాలి. నాందేడ్ గిరాకీ ఇచ్చేది హాలీ.

ఒక చిన్న అంచనా లెక్క వేద్దాం. బొంబాయి రేవులో 100 కల్దార్ల విలువైన విదేశీ గాజులు దిగాయనుకుందాం. 1894లో బ్రిటిష్ ఇండియా సాధారణ దిగుమతి సుంకం 5 శాతమే. మొదటి ప్రపంచ యుద్ధం అప్పులు తీర్చే తొందరలో అది పెరుగుతూ 1922కు 15 శాతమైంది. విలాస వస్తువులకు 30 శాతం. తక్కువ రేటే పట్టుకుని 15 శాతం వేసినా సరుకు 115 కల్దార్లవుతుంది. హాలీలోకి మారిస్తే సుమారు 134. దాని మీద కరోడ్‌గిరి 5 శాతం, అంటే ఇంకో 7 దాకా. మొత్తం 141 హాలీలు. అదే ఫిరోజాబాద్ నుంచి 100 కల్దార్ల సరుకు వస్తే 117 హాలీలు, దానికి 6 దాకా సుంకం కలిపితే 123. రైలు కిరాయి, పగులు, దళారీ, లాభం ఇవన్నీ ఆ పైన.

ఈ లెక్కలో ఫిరోజాబాద్‌కు దొరికిన 18 హాలీల సందును ఇచ్చింది బ్రిటిష్ సుంకం. నిజాం సుంకం ఇద్దరినీ సమానంగా కోసింది. ఇక నాందేడ్ కొలిమికి, హైదరాబాద్ కొలిమికి మిగిలింది ఆ 5 శాతం నీడ మాత్రమే. అంత పలచని నీడలో కొత్త పరిశ్రమ మొలకెత్తదు. 1929లో కోటి రూపాయలతో పారిశ్రామిక ట్రస్టు ఫండ్ పెట్టి నిజాం సర్కారు వాటాలు, అప్పుల రూపంలో పరిశ్రమలకు దన్నుగా నిలవడానికి ఇదొక కారణంగా చూడవచ్చు. సుంకంతో చేయలేనిది పెట్టుబడితో చేయాలనుకున్నారు. బట్టల మిల్లులు, పంచదార, కాగితం, సిగరెట్లతో పాటు తాజ్ గ్లాస్ వర్క్స్ లాంటి కార్ఖానాలూ హైదరాబాద్‌లో వెలిశాయి. అవి సీసాల వైపు, కార్ఖానా సరుకు వైపు మొగ్గాయి. గాజుల చేతివృత్తికి ఆ ఫండ్ దగ్గర దారి దొరకలేదు.

సముద్ర సుంకం మీద నిజాం సర్కారుకు మరో కడుపుమంట ఉంది. నాందేడ్ ఇల్లాలు కొన్న విదేశీ గాజు మీద బొంబాయిలో వసూలైన సొమ్ములో హైదరాబాద్‌కు పైసా రాదు. పన్ను కట్టింది నిజాం రయ్యతు, అనుభవించింది ఢిల్లీ. రౌండ్ టేబుల్ సమావేశాల రోజుల్లో సంస్థానాలను ఫెడరేషన్‌లో చేర్చే చర్చ నడిచినప్పుడు లోతట్టు సంస్థానాలు ఈ ఫిర్యాదునే ముందుకు తెచ్చాయి. హైదరాబాద్ బృందానికి నాయకుడు సర్ అక్బర్ హైదరీ. సొంత రేవు కావాలన్న ఆశ నిజాంకు చివరిదాకా చావలేదు. 1947లో గోవా రేవు కోసం పోర్చుగీసులతో మంతనాలు నడపడం వెనక ఆయుధాల ఆలోచన ఒక్కటే లేదు, ఈ పాత ఆకలీ ఉంది.

టారిఫ్ బోర్డు ఒకటి చెప్పింది, సర్కారు ఒకటి చేసింది

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా శత్రుదేశం కావడంతో గాబ్లోంజ్ సరుకు ఆగింది. ఖాళీ అయిన చోటును జపాన్ ఆక్రమించింది. ఫిరోజాబాద్ కొలిములూ ఊపందుకున్నాయి. యుద్ధం ముగిశాక చెకోస్లోవేకియా అన్న కొత్త పేరుతో గాబ్లోంజ్ మళ్లీ దిగింది. 1930ల మాంద్యంలో యెన్ విలువ పడిపోయి జపాన్ సరుకు మరింత చవకైంది. భారతీయ గాజు పరిశ్రమ అంతకు ముందే రక్షణ కోరింది.

అప్పటికి బ్రిటిష్ ఇండియాకు ఒక సూత్రం ఉంది. ఇబ్రహీం రహీంతులా అధ్యక్షతన 1921-22లో పనిచేసిన ఫిస్కల్ కమిషన్ దాన్ని రాసింది. ముడిసరుకు, కూలీ, మార్కెట్టు వంటి సహజ అనుకూలతలు ఉన్న పరిశ్రమకే, ఎప్పటికైనా సొంత కాళ్ల మీద నిలబడగల పరిశ్రమకే రక్షణ ఇవ్వాలి. 1931లో గాజు సంగతి టారిఫ్ బోర్డుకు అప్పగించారు. బోర్డు 1932లో నివేదిక ఇచ్చింది. పదేళ్లపాటు రక్షణ ఇవ్వాలంది. సర్కారు దాన్ని మూడేళ్లు అటకెక్కించి 1935లో తిరస్కరించింది. కారణం, గాజుకు ప్రధానమైన సోడా యాష్ దేశంలో తయారు కావడం లేదు, విదేశాల నుంచి వస్తోంది కాబట్టి సహజ అనుకూలత లేదని. దిగుమతి సోడా యాష్ మీద సుంకంలో కొంత తిరిగిస్తామని సర్దిపుచ్చారు.

ఈ కారణం ఎంత చిత్రమైందో మన పల్లెటూరి చాకిరేవుకు తెలుసు. దక్కను మీద చౌడు నేలకు కొదవ లేదు. పాత గాజు కొలిములన్నీ అలాంటి క్షార మట్టితోనే ఇసుకను కరిగించాయి. శుద్ధి చేసిన సోడా యాష్‌తో వచ్చే తెల్లదనం దానికి రాదు, నిజమే. అయితే ఆ శుద్ధి విద్యను దేశంలో పెంచే ప్రయత్నం జరగకుండా, విద్య లేదు కనుక రక్షణ లేదనడం ఎలాంటి న్యాయం? మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ 1939లో పుట్టాక ఆ కొరత తీరే దారి పడింది. అప్పటికి మళ్లీ యుద్ధం. చెక్, జపాన్ సరుకు రెండూ ఆగిపోయాయి. టారిఫ్ బోర్డు అడిగిన గోడను సుంకం కట్టలేదు, జలాంతర్గాములు కట్టాయి. ఫిరోజాబాద్ ఆ గోడ చాటున దేశపు గాజుల రాజధానిగా స్థిరపడింది.

యుద్ధానంతరం గాబ్లోంజ్ జర్మన్ కుటుంబాలను చెకోస్లోవేకియా ప్రభుత్వం వెళ్లగొట్టింది. వాళ్లలో చాలామంది బవేరియాలోని కౌఫ్‌బోయ్‌రెన్ దగ్గర నోయ్‌గాబ్లోంజ్ అనే కొత్త ఊరు కట్టుకుని మళ్లీ గాజు పనే మొదలుపెట్టారు. ఊరు పోయినా విద్య పోలేదు. ఈ ముక్కను మన తెలుగు గాజు చరిత్ర పక్కన పెట్టి చూడాలి.

పాపానాయుడుపేట చెప్పే సంగతి

తెలుగు నేల మీద చేతి గాజు విద్య బతికిన ఊరు పాపానాయుడుపేట. శ్రీకాళహస్తికీ రేణిగుంటకూ మధ్య, ఏర్పేడు మండలంలో ఉంది. కొలిమిలో కరిగిన గాజును ఇనుప కడ్డీల మీద శంకువులా పోగుచేసి, మధ్యలోంచి లాడా అనే బోలు గొట్టాన్ని దూర్చి, కొస పట్టుకుని సన్నని నాళంగా గంటల తరబడి చేత్తో లాగుతారు. లోపల బోలు అలాగే నిలిచి ఉంటుంది. ఆ నాళాలను ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి వేయిస్తే అంచులు గుండ్రబడి పూసలవుతాయి. చిన్న మూకుడంత జాగాలో వేల పూసలు.

ఈ పద్ధతి రెండువేల ఏళ్ల పాతది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దాని ఆనవాళ్లు దొరికాయి. ఇలా లాగి చేసిన పూసలు దక్షిణాఫ్రికా మపుంగుబ్వే నుంచి కొరియా, జపాన్ దాకా తవ్వకాల్లో బయటపడుతున్నాయి. పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ వీటిని ఇండో-పసిఫిక్ పూసలన్నాడు. పాపానాయుడుపేట ఆ విద్యకు జీవించి ఉన్న సాక్ష్యమని ప్రపంచానికి చెప్పిందీ ఆయనే. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం పెరిప్లస్ గుజరాత్ తీరంలోని భరుకచ్ఛం రేవులో ముడి గాజు దిగేదని రాస్తుంది. ఆ రేవు నుంచి 20 రోజుల నడకలో గోదావరి మీది పైఠణ్, అక్కడి నుంచి తూర్పుగా 10 రోజుల నడకలో తగర అంటుంది. అదే నేటి తేర్. అంటే గాజు అప్పుడూ సముద్రం దాటేది. బయటి నుంచి ముడి గాజు వచ్చేది, ఇక్కడి నుంచి చేసిన పూస పోయేది. పనితనం మన దగ్గర ఉన్నంతకాలం దిగుమతి మనను దెబ్బతీయలేదు.

19వ శతాబ్దంలో ఈ క్రమం తిరగబడింది. వెనిస్, బొహీమియా పూసలు ఆఫ్రికా, ఆగ్నేయాసియా బజార్లను కమ్మేశాయి. పాపానాయుడుపేట అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోది. మద్రాసు రేవులో విదేశీ పూసకు 15 శాతం వేసినా 30 శాతం వేసినా ఈ ఊరి పూస పోగొట్టుకున్న బయటి దేశాల బజార్లు తిరిగి రావు. ఎగుమతి మీద బతికే చేతికి ఇంటి గుమ్మంలో కట్టిన గోడ అక్కరకు రాదు. అవతలి గుమ్మంలో కట్టిన గోడే ప్రాణం తీస్తుంది.

నాకాలు పోయాయి, గోడలు జరిగాయి

1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్‌ను ఆర్థిక దిగ్బంధంలో పెట్టినప్పుడు నాందేడ్ వైపు సరిహద్దు సుంకపు గీత కాస్తా పోరాటపు గీత అయింది. సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసింది. 1950 ఏప్రిల్ 1న సంస్థానాల ఆర్థిక విలీనం జరిగింది. అయినా కరోడ్‌గిరి రాత్రికి రాత్రే పోలేదు. ఖజానాకు పెద్ద ఆదాయం ఒక్కసారి పోతే పాలన కుంగుతుందని, హైదరాబాద్ లాంటి బి తరగతి రాష్ట్రాలు కేంద్రంతో ఒప్పందం మీద కొంతకాలం లోపలి సుంకాలు కొనసాగించుకునే వీలు రాజ్యాంగం 306వ అధికరణం కల్పించింది. 1956లో ఏడో సవరణతో ఆ అధికరణమే పోయింది. అదే ఏడాది నవంబరు 1న నాందేడ్ బొంబాయి రాష్ట్రంలో, 1960 మే 1న మహారాష్ట్రలో చేరింది. నిజాం నాకా పోయినా మహారాష్ట్ర పట్టణాల పొలిమేరల్లో మునిసిపల్ జకాత్ (ప్రవేశ సుంకం) నాకాలు మరెంతో కాలం నిలిచాయి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. విలువైన లోహాలు కలవని గాజు గాజులకు అందులో పన్ను సున్నా. నాందేడ్ వజీరాబాద్ బజారులో శ్రావణానికి కొన్న డజను మీద నేడు ఏ నాకా సుంకమూ లేదు. ఫిరోజాబాద్ లారీ పెన్‌గంగ దాటినా ఎవరూ ఆపరు. రెండు శతాబ్దాల్లో కొనే మహిళకు ఇంత తేలిక ఎప్పుడూ లేదు.

మరి చేసేవాళ్లకు? ఫిరోజాబాద్ కార్మికుడి కష్టం వేరే రూపాల్లో వచ్చింది. తాజ్‌మహల్ రక్షణ కోసం సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న ఇచ్చిన తీర్పుతో బొగ్గు కొలిములు సహజవాయువుకు మారాల్సి వచ్చింది. గ్యాస్ ధర పెరిగిన ప్రతిసారీ ఆ బరువు చివరకు కొలిమి ముందు నిలబడ్డవాడి కూలీ మీదే పడుతుంది. గాజులతో పాటు దీపపు గ్లోబులు, పూలకుండీలు, క్రిస్మస్ అలంకరణలు చేసి ఎగుమతి చేయడం ఈ ఊరు నేర్చుకుంది. వాటికి అమెరికా పెద్ద కొనుగోలుదారు. 2025 ఆగస్టు 7 నుంచి భారతీయ సరుకు మీద అమెరికా 25 శాతం అదనపు సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నారన్న పేరుతో ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. అప్పట్లో మొత్తం 50 శాతమైంది. చమురు కొన్నది ఎవరు, దాని శిక్ష గాజు ఊదేవాడి మీద పడడమేమిటి అని అడిగే వేదిక ఫిరోజాబాద్ కార్మికుడికి లేదు. అదే ఏడాది సెప్టెంబరు 22న మన ప్రభుత్వం చాలా హస్తకళా వస్తువుల జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించింది. ఇంటి బజారులో అది మేలే. కానీ అవతలి గుమ్మంలోని గోడను ఇవతలి తగ్గింపు కూల్చలేదు.

నాందేడ్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1802లో 5 శాతం రాసినవాళ్లు గాజులవాళ్లను అడగలేదు. 1935లో రక్షణ నిరాకరించినవాళ్లూ అడగలేదు. 2025లో 50 శాతం ప్రకటించినవాళ్లకు గాజుతో ఏ పనీ లేదు. ప్రతిసారీ సుంకం ఇంకేదో పనికి పుట్టింది. ఖజానాకో, సామ్రాజ్యానికో, చమురు పంతానికో. చేతివృత్తి ఆ దారిలో నలిగింది.

నిలబడ్డవాళ్లు ఎలా నిలబడ్డారో కూడా ఈ చరిత్రే చూపిస్తుంది. తళేగావ్ బతికింది సుంకం మీద కాదు, నేర్పిన విద్య మీద. ఊరు మారినా గాబ్లోంజ్ కుటుంబాలు బతికింది విద్య, నమూనా, ఎగుమతి వ్యవస్థ అనే మూడింటి మీద. పాపానాయుడుపేటకు విద్య ఉంది, మిగతా రెండూ లేవు. హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అలాంటి గుర్తింపుతో పాటు తిరుపతికి వచ్చే లక్షల యాత్రికుల ముందు పాపానాయుడుపేట పూసను నిలబెట్టడం, విదేశీ మ్యూజియం దుకాణాలకు నేరుగా అమ్మే సంఘం కట్టించడం పెద్ద ఖర్చయిన పనులు కావు. సుంకాలను వాషింగ్టన్ తగ్గిస్తుందో పెంచుతుందో మన చేతిలో లేదు. లాడా పట్టగల చేతులు మిగిలుండగానే వాటి పక్కన ఇంకో పది చేతులను కూర్చోబెట్టి నేర్పించడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.